పంచాయితీలో నవ్వించే మనిషి

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి. మిగిలిన సగంలో కూడా అక్కడక్కడా ఉప్పు ఎక్కువే పడి ఉంటుంది. ఇది వినయం కాదు, ముందుజాగ్రత్త. ఒక ఎండాకాలం హైవే మీద డాంబరు కరిగి, హైదరాబాదు పోయే లారీలన్నీ డీజిలు కాల్చకుండా కొత్తకోట నుంచి జడ్చర్ల దాకా జారుకుంటూ పోయాయని ఊరంతా చెప్పింది నేనే. మా నాయిన నేసిన చీర కొంగుకు చెడిపోయిన బస్సును కట్టి లాగితే బస్సు వచ్చింది గాని కొంగు చిరగలేదని చెప్పిందీ నేనే. నిజానికి లాగింది ఒక మేకను. ఆ మేక కూడా సగం దూరం తనే నడిచింది.

మాది నేతగాళ్ళ వీధి. నాకు మగ్గం అబ్బలేదు. కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుంటే నోరు ఊరుకునేది కాదు, చెయ్యి ఆగిపోయేది. నాయిన విసిగి టైపు నేర్చుకొమ్మని పంపాడు. ఆ టైపే తరువాత కంప్యూటరై, రోడ్డు మీద జిరాక్స్ దుకాణమైంది. దరఖాస్తులు, కిరాయి కాగితాలు, అన్నదమ్ముల పంపకాలు, రాజీ పత్రాలు, అన్నీ నా చేతి మీదుగానే. ఒక ముసలవ్వ పింఛను దరఖాస్తులో ఆమె కష్టాన్ని ఎంత పెంచి రాశానంటే, ఆఫీసరు కళ్ళు తుడుచుకుని రెండు పింఛన్లు ఇస్తానన్నాడు. ఇచ్చింది ఒకటే, అదీ ఏడాది తిప్పి.

నా భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. సాయంత్రం షట్టరు దించి ఇంటికి పోతే, రోజంతా వీధిని నవ్వించిన నోరు గడప దాటగానే మూతబడుతుంది. జొన్నరొట్టెలు రెండు చేసుకుంటాను, ఒకటిన్నర తింటాను. కొత్త హాస్యం ఏదైనా తోస్తే గోడకు చెప్పి చూస్తాను. మా గోడ గట్టి మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నవ్వలేదు.

నన్ను పెద్దమనిషిని చేసింది నా వయసు కాదు, నా నోరు. మొగుడూ పెళ్ళాల మధ్య తగవు వచ్చి రెండు ఇండ్లవాళ్ళు పంచాయితీ పెట్టుకుంటే, ఇటు ఇద్దరు అటు ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. మాట మాట పెరిగి చెప్పులు చేతికొచ్చే వేళకు ఒకడు నవ్వించాలి. ఆ ఒకడిని నేను. నవ్విన వాళ్ళు వెంటనే కొట్టుకోలేరు. నోరు తెరుచుకుని ఉంటుంది కదా, పిడికిలి బిగుసుకోదు. ఇట్లా నేను నిలబెట్టిన కాపురాలు వెయ్యి దాటాయని చెప్పుకునేవాడిని. లెక్క పెడితే పదకొండు. అందులో ఒకదాని సంగతి ఇది.

రాష్ట్రం వచ్చాక, జిల్లాలు కొత్తవి అయ్యాక, మా రోడ్డు పక్క జాగాల రేట్లకు రెక్కలొచ్చాయి. మా వీధి మొదట్లో, సరిగ్గా రోడ్డు వైపు, నేను అన్న అని పిలిచే ఒక నేతగాడి మగ్గం కొట్టం ఉంది. రెండు గుంటమగ్గాలు, రేకుల కప్పు, ముందు ఇంత ఖాళీ. తాతల నాటి నుంచి ఆ జాగాను ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు కార్లు ఆపి మరీ చూసి పోయేవాళ్ళు.

ఆ అన్నకు ఒక్కతే బిడ్డ. పదో తరగతి అయినప్పటి నుంచి నాయిన పక్క మగ్గం మీదనే కూర్చుంది. ఆ పిల్ల చెయ్యి ఎంత చురుకంటే, ఒక అంచు నేయడం మొదలుపెట్టి నేను ఒక అబద్ధం పూర్తి చేసేలోపు ముగించేది. ఆ పిల్లను కొల్లాపూర్‌కు ఇచ్చారు. పిల్లగాడికి సెల్‌ఫోన్ల దుకాణం. అడిగినవన్నీ పెట్టి పెండ్లి చేశారు. అయితే ఏడాది తిరగకుండా వియ్యంకుడి కన్ను రోడ్డు మీది జాగా మీద పడింది. ఉన్నది ఒక్క బిడ్డే కదా, రేపు ఇచ్చేది ఇప్పుడే రాయి అన్నాడు. జాగా రాసిస్తే మగ్గాలు ఎక్కడ పెట్టాలని అన్న అడిగాడు. వీధిలో ఎవరూ దీన్ని కట్నం అనలేదు. ఆ మాట అంటే కేసవుతుందని అందరికీ తెలుసు. పిల్లకు పెట్టేది అన్నారు, మర్యాద అన్నారు, అల్లుడి ముచ్చట అన్నారు. పేరు మార్చేసరికి తప్పు కూడా పోయిందనుకున్నాం.

పిల్ల ఒకరోజు ఒక్కతే బస్సెక్కి వచ్చేసింది. నెల దాటినా పోలేదు. వీధికి ఒక నెల బాగానే గడిచింది, తరువాత ముచ్చట్లు మొదలయ్యాయి. వచ్చిన పిల్ల ఎందుకుంది, పోతదా, పోనియ్యరా. అన్న నీళ్ళకు పోయినా అడిగేవాళ్ళే. చివరికి ఆయనే పంచాయితీ పెట్టించాడు.

కొల్లాపూర్ వాళ్ళు కిరాయి కార్లలో దిగారు. ఎన్ని కార్లంటే బెంగళూరు రోడ్డు గంటసేపు ఆగిపోయింది. సరే, రెండు కార్లు. మగ్గం కొట్టంలోనే జంపఖానాలు పరిచారు. పొద్దున్నే మేకను కోశారు, రాజీ అయితే భోజనం అక్కడే. వెనక పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పెద్దమనుషుల ముక్కులు అటే తిరిగి ఉన్నాయి. మాట మాత్రం జాగా చుట్టే తిరుగుతోంది. అల్లుడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అన్న తల వంచుకుని జంపఖానా దారం లాగుతున్నాడు.

ఇక లాభం లేదని నేను నా పెండ్లి కథ ఎత్తుకున్నాను. అది నా దగ్గరున్న వాటిలో పెద్ద ఆయుధం. పెండ్లినాడు మామ మోపెడ్ పెడతానని పెట్టలేదని నేను అలిగి మంచం మీద ముసుగు తన్నిన వైనం. మామ ఊరూరూ తిరిగి, చివరికి పెట్రోలు లేని మోపెడ్‌ను ఎడ్లబండి మీద ఎక్కించి తెచ్చిన వైనం. నేను పెండ్లికూతురి కంటే ముందు మోపెడ్‌కు దండ వేసిన వైనం. కొట్టమంతా నవ్వింది. కొల్లాపూర్ వాళ్ళు తొడలు కొట్టుకున్నారు, అన్న కూడా నవ్వాడు. నా భార్య బతికి ఉన్న రోజుల్లో ఈ కథ మొదలుపెట్టగానే లేచి వంటింట్లోకి పోయేది. పొయ్యి మీద ఏదో ఉందనుకునేవాడిని.

నవ్వుతో దారం తెగకుండా చిక్కు విడింది. జాగా సంగతి తరువాత చూసుకుందాం, ముందు పిల్లను పంపించండి అన్నారు వాళ్ళు. వియ్యంకుడు మెత్తబడ్డాడు.

"మాదేం జబర్దస్తీ లేదు బావా. పిల్లను అడుగుండ్రి. పిల్ల మనసు ముఖ్యం."

మా దిక్కు పంచాయితీలో పిల్ల పెద్దమనుషుల ముందుకు రాదు. లోపలి అర్రలో కూర్చుంటుంది. వీధిలోంచి ఒకరు లోపలికి పోయి అడిగి, ఆమె మాటను బయటికి మోసుకొస్తారు. నోటితో ఒప్పుకోవడం ఆడపిల్లకు మర్యాద కాదు కాబట్టి, మాట కూడా అక్కరలేదు. తల ఊపితే చాలు, నవ్వితే మరీ మంచిది. నవ్విందంటే పంచాయితీ అయిపోయినట్టే. ఎప్పుడూ ఈ పనికి మా వీధి పెద్ద అవ్వ పోయేది. ఆ రోజు అవ్వ కంటి ఆపరేషనుకు మహబూబ్‌నగర్ దవాఖానకు పోయింది. ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, నవ్వించేటోడివి నువ్వే కదా, పోయి రా అన్నాడు. ఇంకోసారి అందరూ నవ్వారు.

అర్రలో పిల్ల రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. బయట తన బతుకు తేలుస్తుంటే లోపల నాయినకు రేపటి కండెలు సిద్ధం చేస్తోంది. నన్ను చూసి చక్రం ఆపింది.

"కాకా, నాయినకు చెప్పు. నేను పోను."

ఏమైందమ్మా అని అడిగాను. జాకెట్టు ఎడమ చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన, రెండు వేళ్ళ వెడల్పున, ఒక కొసన మొనదేలి, నల్లగా కాలిన మచ్చ.

"ఇస్త్రీపెట్టె. జాగా ముచ్చటకు నాయిన ఫోన్ ఎత్తలేదని."

"మీ అత్త ఇంట్లో లేదా?"

"అత్తనే తలుపు దగ్గరికి ఏసింది."

నాకేం చెయ్యాలో తెలియలేదు. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషిని, చేతిలో ఉన్నది ఒకటే పనిముట్టు. అదే తీశాను. మీ ఆయన అంగీ అనుకున్నడేమో బిడ్డా, నిన్ను గూడ మడత పెట్టి దాసుకుందామనుకున్నడు అన్నాను.

పిల్ల నవ్వింది. కరెంటు పోయి వచ్చాక ట్యూబులైటు ఒకసారి కొట్టుకుని వెలిగినట్టు, ముందు పెదవి కొసన, తరువాత మొఖం మొత్తం. అర్రంతా తెల్లబడింది. రాట్నం మీద ఎర్ర నూలు కూడా మెరిసింది. నేను గర్వంగా బయటికి వచ్చి, నవ్విందని చెప్పాను.

ఆకులు వేశారు.

కాగితం నేనే రాశాను. దుకాణానికి పోయి టైపు కొట్టి తెచ్చాను. మామూలుగా ఇష్టపూర్వకంగా అని రాస్తే సరిపోతుంది. నా చెయ్యి ఊరుకుంటుందా. "భార్య ఎవరి బలవంతమూ లేకుండా, నిండు మనసుతో, నవ్వుముఖంతో కాపురానికి పోవుటకు సమ్మతించినది" అని రాశాను. పెద్దమనుషులు చదివించుకుని, మంచిగ రాసినవని మెచ్చుకున్నారు. సాక్షుల్లో నా సంతకమే ముందుంది. సాయంత్రానికి పిల్లను కారెక్కించారు. వాళ్ళమ్మ, నేను వదిన అనే మనిషి, కారు కనిపించినంతసేపూ రోడ్డు మీదే నిలబడింది.

మూడో నెలలో కొల్లాపూర్ నుంచి ఫోను వచ్చింది. తలుపు సందులో చెయ్యి పడిందన్నారు. దవాఖానకు అందరితో పాటు నేనూ పోయాను. కుడిచేతి మూడు వేళ్ళు. తలుపు సందులో చెయ్యి పడలేదు, చెయ్యి పట్టుకుని పెట్టించి తలుపు వేశారు. జాగా కాగితం మీద అంగూఠా వెయ్యని నాయినకు వేళ్ళున్న బిడ్డెందుకు పుట్టిందని అంటూ వేశారని ఆ పిల్ల పోలీసులకు చెప్పింది. ఈ మాటను పెంచడానికి నాకు చేతకావడం లేదు. డాక్టరు ఒక వేలిని సగం తీసేశాడు, మిగతా రెండూ వంగవు. నేను మంచం పక్కన నిలబడితే పిల్ల కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందని వదిన అంది. నిద్రపోయే మనిషి కనురెప్పలు అట్లా అదరవు.

కేసు పెట్టారు. మొగుడినీ, అత్తామామలనూ పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు బయటికి వచ్చారు. వాళ్ళ వకీలు కోర్టులో మొదట తీసింది నా కాగితమే. వేధింపులే ఉంటే నవ్వుముఖంతో ఎట్లా వచ్చిందని.

కోర్టుకంటే ముందు వీధి తీర్పు చెప్పేసింది. నల్లా దగ్గర ఆడవాళ్ళు, నవ్వుకుంటనే పోయింది కదా అన్నారు. అన్న కూడా ఆ మాటనే పట్టుకున్నాడు. సాయంత్రాలు నా దుకాణం ముందు కూర్చుని ఒకటే చెప్పేవాడు.

"ఏడ్సుకుంట పోతే ఆపేటోణ్ణి తమ్మీ. నవ్వుకుంట పోయింది. నాకెట్ల ఎర్కైతది."

నేను చాయ్ తెప్పించి ఇచ్చేవాడిని. ఆయన ఆ మాట మీద ఊతకర్ర మీద ఆనుకున్నట్టు ఆనుకుని ఉన్నాడు. నేను దాన్ని లాగలేకపోయాను. ఆయనకోసమే లాగలేదని అప్పుడు అనుకున్నాను.

ఏళ్ళు గడిచాక నా సాక్ష్యం వచ్చింది. నేను పిల్ల తరఫు సాక్షిని. పంచాయితీ నాటికే చేతి మీద కాలిన మచ్చ ఉందని చూసిన మనిషిని నేనొక్కడినే. వదినకు కూడా ఆ పిల్ల చూపించలేదు. ఆ ఒక్క మాట సరిగ్గా చెబితే కేసు నిలుస్తుందని సర్కారు వకీలు ముందురోజు నాకు రెండుసార్లు చెప్పాడు. తెల్ల అంగీ వేసుకుని, కొత్తకోట నుంచి మొదటి బస్సులో పోయాను.

మచ్చ చూశానని చెప్పాను. ఎంత ఉందని అడిగారు. మోచెయ్యి నుంచి భుజం దాకా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. రెండు వేళ్ళంత అంటే వాళ్ళ కంటికి ఆనుతుందో లేదోననిపించింది. ఆ పిల్ల నొప్పికి రెండు వేళ్ళ కొలత చాలదనిపించింది. అవతలి వకీలు డాక్టరు కాగితం తీశాడు. అందులో పాత కాలిన మచ్చ రెండు అంగుళాలని రాసి ఉంది. అతను దాన్ని జడ్జికి ఇచ్చి, నా వైపు తిరిగి, మీ ఊళ్ళో లారీలు జడ్చర్ల దాకా జారాయట కదా అన్నాడు. కొల్లాపూర్ వాళ్ళు అన్నీ ఆరా తీసి చెప్పారు. కోర్టు హాలంతా నవ్వింది. నా జీవితంలో నేను నవ్వించిన అతి పెద్ద సభ అదే.

నవ్వు ఆగాక వకీలు మెల్లగా అడిగాడు.

"ఈ కాగితం రాసింది మీరే. నవ్వుముఖంతో అని రాసింది మీరే. ఆమె నవ్విందా, లేదా?"

పిల్ల వెనక బెంచీ మీద ఉంది. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. అన్న పక్కనే కూర్చున్నాడు, ఆయన కూడా నా జవాబు కోసమే చూస్తున్నాడు. కింద నా సంతకం ఉంది.

"నవ్వింది" అన్నాను.

తీర్పు రోజున నేరం రుజువు కాలేదన్నారు. బస్సులో తిరిగొస్తుంటే నా పక్క సీటు ఖాళీగా ఉంది. మా ఊరివాళ్ళు నలుగురు వెనక నిలబడి ఉన్నారు, ఎవరూ వచ్చి కూర్చోలేదు.

తరువాత నన్ను పంచాయితీలకు పిలవడం మానేశారు. పిలిచినా పోయేవాడిని కాదని చెప్పుకోవాలనుంది, కానీ పిలవలేదు. ఇప్పుడు సాయంత్రాలు తొందరగా షట్టరు దించుతున్నాను. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో నా పెండ్లి ఫోటో ఒకటి దొరికింది. మోపెడ్ పక్కన నేను మీసం మెలేసి ఉన్నాను. నా భార్య అంచున ఉంది, సగం మాత్రమే పడింది. ఫోటో తీసినవాడు మోపెడ్ మొత్తం రావాలని చూసినట్టున్నాడు. ఆ కథకు ఆమె నవ్వగా నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తోచింది. మాట్లాడదామంటే గోడ తప్ప ఎవరూ లేరు. ఆ రాత్రి గోడతోనూ మాట్లాడలేదు.

పిల్ల మగ్గం ఎక్కలేదు. ఎడమచేత్తో రాట్నం తిప్పుతుంది, కండెలు చుడుతుంది. జాగా ఇంకా అన్న పేరు మీదే ఉంది. ఒక మగ్గం గుంట మూసేశారు.

మొన్న ఆ పిల్ల నా దుకాణానికి వచ్చింది. కోర్టు తర్వాత అదే మొదటిసారి. చేతిలో కాగితాల కట్ట. పై కోర్టుకు పోతోందట, వకీలు అన్నీ రెండేసి జతలు తెమ్మన్నాడట. ఒక్కొక్క కాగితం గాజు మీద పెట్టి మూత వేస్తున్నాను. డాక్టరు కాగితం, ఫిర్యాదు, తీర్పు. తరువాత నా రాజీ పత్రం వచ్చింది. మెషిను వెలుతురు దాని కింద అటు నుంచి ఇటు పోయింది. రెండో జతకు మూత ఎత్తుతుంటే ఆమె అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

"కాకా, నేనెప్పుడు నవ్విన?"

నేను మూత దించి మీట నొక్కాను.

"ఎన్నోసార్లు యాది చేసుకున్న. మా నాయిన గూడ నవ్వినవంటడు. నవ్వినేమో, నాకే యాది లేదేమో అనుకున్న. నువ్వు లోపలికొచ్చినవు, చెయ్యి చూపిన. గా తర్వాత నవ్విన్నా?"

నాలుగు మాటలు చెప్పేలోపు నలభై కోతలు కోసే నా నోటి నుంచి ఒక్క మాటే వచ్చింది. లేదు బిడ్డా అన్నాను. అది రాసిస్తవా అని అడిగింది. కంప్యూటరు ముందు కూర్చున్నాను. అంత చిన్న కాగితం నేను ఎన్నడూ రాయలేదు. మూడు వాక్యాలు. ఒకసారి మాట మార్చిన సాక్షి కాగితం ఎంతవరకు చెల్లుతుందో చెప్పలేనని ఆమె వకీలు ముందే అన్నాడట. ఆమె అయినా ఒక జత మడిచి తీసుకుపోయింది. ఇంకో జత అన్నకు నేనే ఇచ్చాను. ఆయన చదివి, నా వైపు చూడకుండా, మగ్గం గుంటలోకి దిగాడు. ఆ రోజు నుంచి దుకాణం ముందుకు రావడం లేదు.

అందుకని ఇక్కడ కూడా సరిచేసి పోతాను. లారీలు, కొంగు, కార్లు, పింఛన్లు, అవన్నీ నా ఉబ్బరింపులు, ఉన్నవాటికి గాలి కొట్టాను. అసలే లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కచోట. ఆ ట్యూబులైటు, ఆ పెదవి కొస, తెల్లబడ్డ అర్ర, మెరిసిన నూలు, అవేవీ జరగలేదు. నా హాస్యం విని ఆ పిల్ల నా మొఖం కాసేపు చూసింది. జాకెట్టు చెయ్యి కిందికి దింపుకుంది. మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.